ఇచ్చిపుచ్చుకొను చదువు

విద్యార్థి దేశాంతరము పోవచ్చునా, కూడదా యని మన తాతలు వాదించుకొనిరి. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పాతిత్యహేతువులలో లెక్కించినది. 1888లో గాంధీగారు చదువు నిమిత్తము లండనుకు బయలుదేరినపుడు బొంబాయిలోని వారి కులపెద్దలు వారిని వెలివేసిరి. ఆ వాదము నేడు ముగిసినది. దానిని శాస్త్రవిచారము గాని, సంస్కర్తల యుపన్యాసములు గాని ముగించినవని మేమనుకొనము, జీతములు ముగించినవి. పోవుట లాభకరమని తెలిసినంతనే పాపభీతి తనంతట తాను తొలగిపోయెను. లాభముచేత తొలగిన దోషము న్యాయముచేత తొలగినట్లు కాదు. మనము ప్రశ్నకు సమాధానము చెప్పకయే దానిని దాటివచ్చితిమి గనుక, అది వేషము మార్చుకొని మరల మన గుమ్మములోనే నిలిచినది. ఇప్పుడది "పోవచ్చునా?" యని యడుగుట లేదు, "రానిత్తురా?" యని యడుగుచున్నది.

ఈ ప్రశ్నను మేము గ్రంథములలో చదువలేదు. రామతీర్థమున, గురుభక్తులకొండ మీద, మా మేనకోడలి నోట వింటిమి. ఆమె హైదరాబాదున స్పానిష్ భాష చదువుచున్నది. ఒక విద్యాసంవత్సరములో సగము కాలము స్పెయిన్ దేశపు విశ్వవిద్యాలయమున చదువుటకు ఎన్నికైనది. ఈ ఏర్పాటు మన యెరుకలోని విదేశవిద్య వంటిది కాదు. ఇచటి నుండి యొకరు పోవుదురు, అచటి నుండి యొకరు వత్తురు. ఎవరి రుసుము వారు తమ కళాశాలకే చెల్లించుకొందురు. గడువు తీరగానే ఎవరిచోటికి వారు మరలుదురు. దీనికి మార్పిడి చదువని పేరు పెట్టినారు. ఇచ్చిపుచ్చుకొనుట యను మన మాట దీనికి చక్కగా నతుకును.

ప్రయాణమునకు ముందు బంధువులకు చెప్పిపోవుటకై ఆమె విజయనగరము వచ్చినది. రామస్వామివారి దర్శనమైన పిదప కొండ యెక్కితిమి. పైకి పోయి అలసట తీర్చుకొనుచుండగా నామె యిట్లడిగెను: "మావయ్యా, నేను వెళ్ళే చోటు నుంచి ఒక అమ్మాయి మా కళాశాలకు వస్తోంది. సంక్రాంతికి తెలుగువాళ్ళ ఇంట్లో ఉండి పండుగ చూడాలని ఉందట. మన ఇంటికి రమ్మని రాయనా?"

"చూద్దాంలే అమ్మా" అంటిమి.

తెలుగునాట "చూద్దాము" అను మాటకు "వద్దు" అని యర్థము. అది యామెకును తెలియును. మరల నడుగలేదు. మా యింట మేడ మీది గది ఖాళీగనే యున్నది. అయినను మా మనస్సున వంటయిల్లు మెదలెను. పెద్దవారి మడి మెదలెను. పండుగ నాటి పూజ మెదలెను. నిజము చెప్పవలెనన్న, మమ్ము వెనుకకు లాగినది ఆ పిల్ల తినబోవునది కాదు, ఎదురింటివారు అనబోవునది. మా యింటి పిల్లకు పరుల యింట చోటు దొరకినందుకు ఊరెల్ల చెప్పుకొని సంతోషించిన మేమే, పరుల బిడ్డకు మా యింట చోటనగానే మాట మ్రింగితిమి.

మేము మాట మ్రింగిన చోటు సామాన్యమైనది కాదు. గురుభక్తులకొండ మీద ప్రాచీన బౌద్ధుల స్తూపములును, చైత్యములును, భిక్షువుల గదుల పునాదులును ఇటుకవరుసలుగా మిగిలియున్నవి. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో అలెగ్జాండర్ రీ అను పురావస్తు శాఖాధికారి వీనిని త్రవ్వించి వెలికి దెచ్చెను. దాపునగల దుర్గకొండపై జైనవిగ్రహములున్నవి; చాళుక్య విమలాదిత్యుని నాటి శాసనము త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుడు ఈ రామకొండకు భక్తితో వందనము చేసినట్లు చెప్పుచున్నది. అట్టి చోట ఎందరికో చోటు దొరకినది.

విహారములకు నియమములు లేకపోలేదు. బౌద్ధుల వినయపిటకమున ఆగంతుకుడైన భిక్షువు విధులు వేరుగను, అచట నివసించు భిక్షువు విధులు వేరుగను చెప్పబడినవి. వచ్చువాడు పాదరక్షలు విడిచి, దుమ్ము దులిపి, గొడుగు దించి లోపలికి రావలెను. ఉన్నవాడు పీట వేసి, కాళ్లకు నీళ్లుంచి, ఎదురేగి పాత్రను చీవరమును అందుకొనవలెను. అతిథికి వినయము విధి. గృహస్థునకు స్వాగతము విధి. ఒకరి విధి నెరవేరి రెండవవారిది నెరవేరనిచో ఆ మర్యాద సగమే. నేడు మనము మన పిల్లలకు మొదటి విధిని మాత్రమే నేర్పి పంపుచున్నాము.

ఇచ్చిపుచ్చుకొను చదువు మన నేలకు క్రొత్తది కాదు. ఏడవ శతాబ్దమున హ్యుయాన్ త్సాంగ్ అను చీనా భిక్షువు, దేశము విడువరాదన్న రాజాజ్ఞను దాటి, విద్య కొరకు భరతఖండమునకు వచ్చెను. కళింగమును చూచెను, ఆంధ్రమును చూచెను. ఇచటివారి భాష మధ్యదేశపు భాషకంటె వేరైనను లిపి మాత్రము దాదాపు అదియే యని గుర్తించెను. నేటి అమరావతి ప్రాంతమైన ధాన్యకటకమున కొన్ని నెలలుండి, సుభూతి, సూర్యుడు అను నిరువురు భిక్షువుల కడ మహాసాంఘికుల అభిధర్మమును చదివెను. ఆ యిరువురును అతని కడ మహాయాన శాస్త్రములను చదివిరని అతని జీవితచరిత్ర చెప్పుచున్నది. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు? ఉదయము శిష్యుడైనవాడు సాయంకాలము గురువాయెను. అతడు 645లో స్వదేశము చేరునప్పుడు 657 గ్రంథములను వెంట గొనిపోయెను. అతడు కొనిపోయినదానిని లోకమెల్ల చెప్పుకొనును. ధాన్యకటకమున నతడిచ్చిపోయినదియు మనము చెప్పుకొనవలసినదే.

"వారు సన్న్యాసులు, ఇల్లు, ఇరుగుపొరుగు లేనివారు. సంసారులకు అది సాధ్యమా?" యని చదువరులడుగవచ్చును. దానికి సమాధానముగా ఈ జిల్లాల సంసారినే చూపుదుము. 1863లో శ్రీకాకుళము సీమలోని పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండగా, కొండలనుండి దిగివచ్చు సవరల మాట నేర్వవలెనని సంకల్పించిరి. అందుకు పుస్తకము లేదు, పాఠశాల లేదు. ఆ భాష తెలిసినవానిని తమ యింటనే యుంచుకొని నేర్చిరి. కొండలలో తిరిగి జ్వరము తెచ్చుకొని, దానికి వాడిన క్వినైనుచేత వినికిడి పోగొట్టుకొనిరి. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు సొంత సొమ్ముతో బడులు పెట్టిరి. సవర భాషపై వారి గ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. సముద్రము దాటకయే వారు చేసినది దేశాంతర విద్య. తాము తీసికొన్న మాటకు బదులు బడి యిచ్చిరి. అన్నిటికంటె ముందు తమ యింట చోటిచ్చిరి.

స్పెయినుకును తెలుగువారికిని ఇట్టి లెక్క యొకటి యున్నది. 1920లో బార్సిలోనాలో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము చేరి, 2009లో కన్నుమూయువరకు ఆ కరవుసీమ పేదలకొరకు పనిచేసెను. ఆయన స్థాపించిన సంస్థద్వారా అనంతపురపు పల్లెపిల్లలు తెలుగున వ్రాసిన జాబులు స్పానిష్ లోనికి మారి, వారి చదువునకు సాయపడు స్పెయిన్ కుటుంబములకు చేరినవి. ఆ జిల్లాలోనే పల్లెటూరి యువజనులకు స్పానిష్ మొదలగు విదేశభాషలు నేర్పు పాఠశాలయు వెలసినది. ఒక పరదేశికి చోటిచ్చిన సీమ ఇప్పుడు పరదేశభాషలో మాటలాడుచున్నది.

ఇంకను వెనుకకు పోయినచో, మన దేశమున పుట్టిన అంకెలు అరబ్బుల చేతిమీదుగా స్పెయిను చేరినవి. ఐరోపాలో లాటిను వ్రాతప్రతియందు అవి మొట్టమొదట కనబడునది 976లో స్పెయినులోని యొక మఠమున వ్రాయబడిన గ్రంథముననే. ఆ లేఖకుడు అవి భారతీయుల బుద్ధికుశలత యని మెచ్చుకొనియున్నాడు. స్పానిష్ వారు జయించిన అమెరికా ఖండపు మిరపయు, టమాటాయు మన వంటయింటికి వచ్చినవి. ఏ వంటయింటి మడిని తలచి మేము జంకితిమో, ఆ వంటయింటి పోపుడబ్బాలోనే పరదేశి యెండుమిరపకాయ నాలుగు వందల యేండ్లుగా కాపురముండుట మాకు కొండ దిగునపుడు గాని తోచలేదు.

ఇక పోవు పిల్లలను గూర్చి యొక మాట. "అచట నున్నంతకాలము మన మర్యాదలు మరచిపోదురు" అని పెద్దలు భయపడుదురు. స్పానిష్ భాషలో మనవలెనే "నీవు"నకు "తూ" అనియు, "మీరు"నకు "ఊస్తెద్" అనియు రెండు మాటలున్నవి. అయినను స్పెయినులోని విశ్వవిద్యాలయములలో విద్యార్థులు తరచుగా ఉపాధ్యాయుని సైతము "తూ" అనియే పిలుతురట. తన గురువును "నువ్వు" అనుటకు మా మేనకోడలికి నోరాడదు. ఆడకపోవుటయే మంచిది, అపుడామె గౌరవమనునది మాటలో నున్నదా, మనస్సులో నున్నదా యని విచారింపవలసివచ్చును. ఇంటనుండి యీ విచారము పుట్టదు. పుట్టి పెరిగిన మర్యాదను విచారించి నిలుపుకొన్నవాడు దానికి యజమాని. విచారింపక మోయువాడు దానికి కూలివాడు. పరభాషలో కూరగాయలు కొనుటకైనను మాట తడుముకొనునపుడు పట్టభద్రుడు సైతము పసివాడగును. మాట రానివాని బాధ అపుడు గాని తెలియదు. ఆ బాధ తెలిసినవాడు తిరిగివచ్చి, తన యూరిలో మాట రాక నిలిచినవానిని చూచి నవ్వడు. విదేశవిద్య కిదియొక్కటి ఫలమైనను చాలును.

ఇంతవరకు వ్రాసి, వ్రాయక తప్పని దొకటి మిగిలినది. పదునాలుగేండ్ల క్రిందట, పార్వతీపురపు కొండపల్లెనుండి చదువుకొనుటకు వచ్చిన యొక బాలుడు ట్రంకుపెట్టెతో మా గుమ్మము ముందు నిలిచి, మేడ మీది గది అద్దెకిత్తురా యని యడిగెను. "ఏ యూరు?" అంటిమి. "ఇంటిపేరేమి?" అంటిమి. మూడవ ప్రశ్న అవసరము లేకపోయెను. "గది నిన్ననే వేరొకరికి మాట యిచ్చితిమి" అంటిమి. ఆ యేడెల్ల గది ఖాళీగా నుండెను. సవరలమాట యింటికి తెచ్చుకొన్న పంతులుగారి ఫోటో అప్పుడును మా గోడమీదనే యున్నది.

కొండ దిగిన పిదప మా మేనకోడలితో "రాయమ్మా. మేడ మీద గది ఉందని, పండక్కి రమ్మని రాయి" అంటిమి. ఆమె సంతోషించినది. మేము సంపూర్ణముగా సంతోషింపలేకపోతిమి. స్పెయిన్ దేశపు పిల్ల మా యింటికి వచ్చిన, మొదట గుసగుసలాడిన యిరుగుపొరుగువారే పిదప పిండివంటలు పంపుదురు. అది మాకు గొప్పయే యగును. దూరదేశపు బిడ్డకు తెరచి, దాపునున్న కొండబిడ్డకు మూసిన తలుపును తెరచిన తలుపని యనరాదు. సంక్రాంతి గడచును, ఆ పిల్ల తిరిగిపోవును, గది మరల ఖాళీ యగును. అప్పుడు గుమ్మము ముందు ఎవరు నిలిచినను, ఊరి పేరడిగి యూరకుండగలమా యనునదే మాకు మిగిలిన పరీక్ష. ఆ రెండవ ప్రశ్న అడుగమని ఇంటిల్లిపాది యెదుట మాట యిచ్చితిమి. మా చదువరుల యిండ్లలో నెన్ని గదులు ఖాళీగా నున్నవో వారే లెక్కించుకొందురు గాక.