మేలు చేస్తే తప్పు మాసిపోతుందా?

2017 మే 12, శుక్రవారం. ఇంగ్లండులో అనేక ప్రభుత్వ ఆసుపత్రుల కంప్యూటర్లు ఉన్నట్టుండి మొరాయించాయి. తెర మీద ఒకటే హెచ్చరిక: 300 డాలర్లు చెల్లిస్తేనే మీ ఫైళ్లు మీకు దక్కుతాయి! రోగుల వివరాలు అందక వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. 'వన్నాక్రై' అనే ఆ దుష్ట ప్రోగ్రాము దాదాపు 150 దేశాలకు పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

దాన్ని ఆపినవాడు మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల ఆంగ్ల యువకుడు. అతని వృత్తి మాల్‌వేర్ రివర్స్ ఇంజనీరింగ్. అంటే, హాని చేయడానికి రాసిన ప్రోగ్రామును వేరుగా ఉంచిన కంప్యూటరులో నడిపించి, అది ఏ ఫైళ్లను ముట్టుకుంటున్నదో, ఎక్కడికి కబురు పంపుతున్నదో గమనించడం. యంత్రభాషలోని ఆజ్ఞలను ఒక్కొక్కటిగా విప్పి, రాసినవాడి ఎత్తుగడను గ్రహించడం. ఎవరూ నమోదు చేసుకోని ఒక ఇంటర్నెట్ చిరునామా కోసం వన్నాక్రై వెదుకుతున్నదని అతడు కనిపెట్టాడు. పది డాలర్ల పైచిలుకు ఖర్చుతో దాన్ని తన పేర నమోదు చేయించాడు. తెగులు ఎంతవరకు పాకిందో తెలుసుకోవాలన్నదే అతని ఉద్దేశం. కాని ఆ చిరునామా నుండి జవాబు వస్తే తనంతట తానే ఆగిపోయేలా ఆ ప్రోగ్రాము రాసి ఉంది! అప్పటికే తాళం పడిన ఫైళ్లు తెరుచుకోలేదు గాని, లెక్కలేనన్ని కంప్యూటర్లు బతికిపోయాయి.

చెడును ఇంత దగ్గరగా చదివేవాడు చెడిపోడా అని కొందరి సందేహం. పాపసంకీర్తన పీఠంలో కూర్చున్న గురువు ఎన్ని పాపాలు వింటారు! విన్నంత మాత్రాన ఆయనకు మైల అంటదు. చెడును ఎరగడం పాపం కాదు. ఆ ఎరుకను దేనికి వాడతామన్నదే ప్రశ్న.

అంతకంటె కష్టమైన ప్రశ్న తరువాత వచ్చింది. మూడు నెలలు తిరగకముందే, 2017 ఆగస్టులో, అమెరికాలో హచిన్స్‌ను అరెస్టు చేశారు. కుర్రతనంలో అతడు బ్యాంకు ఖాతాల రహస్యాలు దొంగిలించే 'క్రోనోస్' అనే ప్రోగ్రామును రాశాడు. 2019 ఏప్రిల్‌లో నేరం ఒప్పుకున్నాడు. అరెస్టుకు ముందే అతడు దారి మార్చుకున్నాడని గమనించిన న్యాయమూర్తి, ఆ జూలైలో, నిర్బంధంలో గడిపిన రోజులే చాలునని, ఒక ఏడాది పర్యవేక్షణ మాత్రం విధించారు.

ఇంతమందిని కాపాడాడు కదా, పాత తప్పు మాసిపోలేదా? మాసిపోయిందనే మన మనసు అంటుంది. ఈ లెక్క మనకు ఇష్టమైన లెక్క. కూలివాడి కూలి ఎగ్గొట్టి, దేవాలయానికి గంట చేయించి, సరిపోయిందనుకుంటాం. కాని వన్నాక్రై నుండి బయటపడిన ఆసుపత్రి వేరు, క్రోనోస్ వంటి ప్రోగ్రాముకు చిక్కిన ఖాతాదారు వేరు. ఒకరి దగ్గర చేసిన అప్పును ఇంకొకరికి చెల్లిస్తే తీరుతుందా?

జక్కయను తలచుకోండి. ప్రభువు తన ఇంట అడుగుపెట్టిన దినాన, ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు. అంతటితో ఊరుకోలేదు. తన వల్ల మోసపోయినవారికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. దానం వేరు, బాకీ వేరు అని ఆ సుంకరికి తెలుసు. పాపసంకీర్తనంలో క్షమాపణ పొందినా, చేసిన నష్టాన్ని చేతనైనంత వరకు పూడ్చవలసిందేనని శ్రీసభ బోధ.

మరి చేసిన మేలు వృథాయేనా? కాదు. మేలు తప్పును చెరపదు. తప్పు చేసిన మనిషి మారాడని సాక్ష్యం చెబుతుంది. అదే నేర్పు, అవే చేతులు. తిరిగిన దిక్కు మాత్రం వేరు. న్యాయమూర్తి కరుణ చూపింది ఆ సాక్ష్యాన్ని చూసే. అయినా, తప్పు నాదేనని అతడు నోటితో ఒప్పుకోవలసే వచ్చింది.

ప్రియ పాఠకులారా, ఈసారి పాపసంకీర్తనానికి వెళ్లేముందు మనం చేసిన మేళ్ల పట్టికను కాసేపు పక్కన పెడదాం. మనం బాకీపడిన ఒక్కరి పేరు గుర్తు చేసుకుందాం. వారి ఇల్లు మన వీధిలోనే ఉందేమో!