వేగానికీ ఒక బడి

వేగం అన్న మాటకి మన ఇళ్ళల్లో మంచి పేరు లేదు. "దూకుడు పిల్ల" అంటే పొగడ్త కాదు గదా! అన్నం గబగబా తింటే తిట్లు, మెట్లు గబగబా దిగితే తిట్లు. నిదానమే ప్రధానం అని చెప్పిన పెద్దలే ఆలస్యం అమృతం విషం అని కూడా చెప్పారు. అయితే ఆ రెండో మాట మగపిల్లల ఉద్యోగాలకీ భూముల బేరాలకీ చెప్పింది కాబోలు, ఆడవాళ్ళ దాకా రాలేదు.

అందుచేత మద్నూరులో వున్న మా అక్కకి కూతురు ఫోన్ చేసి, "అమ్మా, కారు జోరుగ నడుపుడు నేర్చుకోనీకి మద్రాసు పోతున్న" అన్నప్పుడు ఆవిడ ఏం చేసి వుంటుందో మీరు ఊహించుకోవచ్చు. ముందు సలాబత్‌పూర్ హనుమంతుడికి మొక్కుకుంది. ఆ తరవాత నాకు ఫోన్ చేసింది. "నీ మాటైతే ఇంటది, జర చెప్పు చెల్లే. ఉన్న కారు మెల్లగ నడుపుకుంటె సాలదా? జోరుకు కూడ బడి ఉంటదా?"

ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది.

ఆ పిల్లకి ముప్పయ్యేళ్ళ లోపు వయసు. హైదరాబాదులో ఉద్యోగం. లైసెన్సు వచ్చి ఆరేళ్ళయింది. నెలకోసారి సంగారెడ్డి, జోగిపేట, పిట్లం మీదుగా తనే కారు నడుపుకుంటూ మద్నూరు వస్తుంది. వాళ్ళ నాన్నకి గుండె జబ్బు. మద్నూరు మహారాష్ట్ర సరిహద్దున వున్న వూరు గనక, పెద్ద ఆసుపత్రి అంటే మావాళ్ళు నిజామాబాదైనా పోతారు, నాందేడైనా పోతారు. ఆ తిప్పటలన్నీ ఈ పిల్ల చేతిమీదుగానే. ఆ దారి, 161వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు నాలుగు వరసలైంది. నున్నగా, తిన్నగా వుంటుంది. చిక్కంతా అక్కడే వుంది. కారు మాత్రం నూటికి పోతుంది. పత్తి బోరాల లారీ, వెనక దీపం లేని ట్రాక్టరు, అడ్డదారిలో ఎదురొచ్చే మోటారు సైకిలు, రోడ్డువారన ఎండబోసిన సోయా, వీటన్నిటి కాలం వేరు. గంటకి 100 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. మనం "అయ్యో" అనేలోపు ఓ పెళ్ళిపందిరి పొడుగు దాటిపోతాం. ఇంకో లెక్క కూడా వుంది. వేగం రెండింతలైతే, బ్రేకు నొక్కాక కారు ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది.

ఒక రాత్రి పిట్లం దాటాక అలాంటి ట్రాక్టరే ఎదురైందట. కారు ఆగింది. పక్క సీట్లో తండ్రి నిద్రపోతున్నాడు, ఆయనకి తెలియనే తెలియదు. ఆ సంగతి నాకు చెబుతూ, "ఎట్ల ఆగిందో నాకే తెల్వది చిన్నమ్మా. ఎట్ల ఆగిందో తెల్వని కారుల బాపును ఎట్ల కూసోవెట్టుకోవాలె?" అంది. అక్కకి ఈ మాట చెప్పలేదు. నన్నూ చెప్పొద్దంది. (ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను గానీ, ఆ పిల్ల అనుమతి తీసుకునే లెండి.)

అక్క ఫోన్ చేసేసరికే డబ్బు కట్టేసింది. వెళ్ళి వచ్చింది.

మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరు వైపు ఇరుంగట్టుకోట్టై అని ఒక వూరుంది. అక్కడ 1990లో కార్ల పందాల ట్రాకు మొదలైంది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. అంతకు ముందు షోలవరంలో పాత విమానాల దిగుడు బాట మీద పందాలు జరిగేవి. కోయంబత్తూరు దగ్గర ఇంకో చిన్న ట్రాకుంది. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో 2011లో పెద్దది కట్టారు. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం జరిగింది గానీ, అది చూడడానికి, నేర్చుకోవడానికి కాదు. ఈ ట్రాకుల మీద పందాలు లేని రోజుల్లో మామూలు మనుషులు డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, కారు నడుపుకోవచ్చు. దాన్ని ట్రాక్ డే అంటారు. పక్క సీట్లో గురువు కూర్చుంటాడు. ఎవరు ముందొచ్చారన్న లెక్క లేదు. అందరూ ఒకే వైపుకి పోతారు. పసుపు జెండా అంటే ముందేదో ప్రమాదం వుంది, జాగ్రత్త. ఎరుపు జెండా అంటే అందరూ వేగం తగ్గించుకుని వెనక్కి వచ్చెయ్యాలి.

మొదటి పాఠం వేగం కాదు, కూర్చోవడం! భుజాలు సీటుకి ఆనించి, చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచున ఆనాలట. రెండోది చూడడం. కన్ను ఎటు చూస్తే చెయ్యి అటే తిరుగుతుంది, గుంటని చూస్తే గుంటలోకే పోతాం, కాబట్టి పోవలసిన చోటుని దూరంగా చూడాలి. మూడోది బ్రేకు. మనలో చాలామంది ఏళ్ళ తరబడి కారు నడిపినా, బ్రేకుని నిండా ఒక్కసారైనా తొక్కి వుండరు. తొక్కితే పాదం కింద అది గడగడ కొట్టుకుంటుంది. అది చక్రాలు బిగుసుకుపోకుండా కారు తనకు తాను చేసుకునే పని. తెలియనివాళ్ళు ఏదో విరిగిందని భయపడి సరిగ్గా ఆ క్షణంలోనే కాలు తీసేస్తారు. మా పిల్ల ఒక పూటంతా ఇదే చేసింది, తొక్కడం, ఆపడం, మళ్ళీ తొక్కడం.

నాకు బాగా నచ్చింది టైరు లెక్క. ఒక్కో టైరు నేలని తాకే చోటు ఇంచుమించు మన అరచెయ్యంత. ఆ నాలుగు అరచేతుల పట్టే మన దగ్గరున్న ఆస్తి. నెల జీతంలాంటిదన్నమాట. బ్రేకుకీ అందులోంచే, మలుపుకీ అందులోంచే, ముందుకి దూకడానికీ అందులోంచే ఖర్చు. మలుపులో వుండి బ్రేకు గట్టిగా తొక్కామంటే ఒకే జీతం మీద రెండు పెళ్ళిళ్ళు పెట్టుకున్నట్టే. అందుకే తిన్నగా వున్నప్పుడే బ్రేకు వేసి, నెమ్మదించి, మలుపు తిరిగి, స్టీరింగు విప్పుకుంటున్న కొద్దీ వేగం పెంచాలి. ఇల్లు నడిపిన ఏ ఆడదానికైనా ఇది రెండు నిమిషాల్లో అర్థమయ్యే విద్య.

మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన జాకీ స్టీవార్ట్, బానెట్ మీద ఒక గిన్నె పెట్టి, అందులో బంతి వేసి, అది బయట పడకుండా కారు నడపమని నేర్పేవాడు. ఇది విని నాకు నవ్వొచ్చింది. మద్నూరు బావి నుంచి నెత్తిన బిందె, బిందె మీద బిందె పెట్టుకుని, చంకలో పిల్లాడితో, చుక్క తొణకకుండా గట్టు దిగి వచ్చిన మా అమ్మమ్మకి ఏ గురువు నేర్పాడు? బరువు ఎటు మొగ్గుతుందో ముందుగా తెలియడం, కుదుపు లేకుండా తిరగడం, రెంటిలోనూ వున్న సంగతి అదే. వేగం కోసం కాక తొణకకుండా వుండడం కోసం నేర్పే విద్య ఇదైతే, దీన్ని పట్టుకుని మనం ఇంత భయపడడం దేనికి?

భయపడడానికీ కారణం వుందండోయ్. అక్క పక్షాన నేనే వకాల్తా పుచ్చుకుంటాను.

1974లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. పందాల లైసెన్సు వున్నవాళ్ళనీ మామూలు వాళ్ళనీ తీసుకుని మామూలు రోడ్డు మీద ఎవరి రికార్డు ఎలా వుందో చూశారు. నేర్పున్న పందెగాళ్ళకే ప్రమాదాలు ఎక్కువ, రూలు తప్పిన కేసులూ ఎక్కువ! నార్వేలో మంచు మీద కారు జారితే ఎలా సర్దుకోవాలో కొత్త డ్రైవర్లకి నేర్పించారు. 1988లో లెక్క తీస్తే, ఆ పాఠం నేర్చుకున్న కుర్రవాళ్ళకి ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయని తేలింది. సర్దుకోగలమన్న ధైర్యంతో జారేచోటికే వేగంగా పోయారన్నమాట. 1981లో స్వెన్సన్ అనే ఆయన విద్యార్థుల్ని అడిగితే, నూటికి 93 మంది అమెరికన్లు తాము సగటు కంటే నేర్పరులమనే చెప్పుకున్నారు. సగటు కంటే పైన అంతమంది ఎలా వుంటారో ఆ దేవుడికే తెలియాలి.

అంచేత అక్క ప్రశ్న అమాయకపు ప్రశ్న కాదు. ప్రమాదాన్ని లొంగదీసే విద్య నేర్చుకున్న మనిషి ప్రమాదానికి దూరమవుతుందా, దగ్గరవుతుందా? ఈతరానివాడు బావిలో దూకడు మరి.

భారతంలో నలుడి కథ గుర్తు తెచ్చుకోండి. బాహుకుడి రూపంలో రథం తోలుతుంటే ఋతుపర్ణుడి ఉత్తరీయం జారిపోయింది. ఆపమని రాజు అనేసరికే రథం ఆమడ దూరం దాటిపోయింది. అంత వేగం చేతిలో వున్నవాడికి జూదంలో రాజ్యం ఎందుకు పోయింది? గుర్రాల మనసు తెలిసిన నలుడికి పాచికల మనసు తెలియలేదు. ఆ అక్షహృదయం ఋతుపర్ణుడు చెప్పాక గాని కలి అతన్ని వదిలిపోలేదు. నాకు తోచినంతలో, ఆ రెండు విద్యలూ మార్చుకోవడంలోనే కథ వుంది. తోలడం ఒక్కటే తెలిస్తే చాలదు, ఎక్కడ ఓడిపోతామో ఆ లెక్క కూడా తెలియాలి. ఉత్తర దేశాలవాళ్ళూ తరవాత పాఠం అటే తిప్పారు. జారితే ఎలా సర్దుకోవాలో చెప్పడం తగ్గించి, జారాక సర్దుకోవడం ఎంత కష్టమో ఒంటికి తెలిసేట్టు చూపించడం మొదలుపెట్టారు.

మా పిల్లని అదే అడిగాను. అక్కడికి పోయి వచ్చాక నీకేం అనిపించింది? "రెండోరోజు ఒక మలుపుల కారు గిర్రున తిరిగి ఎనుకకు మల్లింది చిన్నమ్మా. గంటకు అరవై గూడ లేదు. నా చేతుల ఏం లేకుంటయింది" అంది. ఇప్పుడు పిట్లం రోడ్డు మీద నూటికి పోవడం లేదట. ఇది నిజమా, నా కోసం చెప్పిందా అని సందేహం రావచ్చు. నేనామెతో ఒకసారి మద్నూరు వెళ్ళాను. ముళ్ళు ఎనభై దాటలేదు. ముందున్న లారీకీ మాకూ మధ్య ఎప్పుడూ ఇంకో లారీ పట్టేంత ఖాళీ.

ఒకరి సంగతి చూసి అందరికీ తీర్పు చెప్పలేం, నిజమే. అదే తరగతిలో కూర్చున్న ఇంకో కుర్రాడు ఛాతీ విరుచుకుని బయటికొచ్చి వుండవచ్చు. కానీ అక్కతో వాదన పెట్టుకున్నప్పుడు నేను ఇంకో మాట అన్నాను. మన మద్నూరు కుర్రాళ్ళు కొత్త రోడ్డు మీద రాత్రిపూట మోటారు సైకిళ్ళతో పందాలు వేస్తుంటే ఎవరి తల్లీ హనుమంతుడికి మొక్కుకోలేదే? రోడ్డు మీద అలా పందెం వెయ్యడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. అక్కడ వాళ్ళూ నేర్చుకుంటున్నారు, కాకపోతే ఫీజు ఎదురొచ్చేవాడు కడుతున్నాడు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నూటికి డెబ్భై పైన అతివేగం వల్లనే. తప్పు చేస్తే తన కారుకి, తన ఒంటికి తప్ప ఇంకొకరికి గీత పడని చోటు వెతుక్కుని, డబ్బిచ్చి నేర్చుకోవడం నీతి తక్కువ పనా? ఈ ఏడాది దసరాకి ఆ పిల్ల పట్టుచీర కొనుక్కోలేదు. ఆ డబ్బే ఇది.

పోనీ ఆడవాళ్ళకి కొత్తా అంటే, కాదు. యుద్ధంలో తెలివి తప్పిన దశరథుణ్ణి అక్కణ్ణించి తప్పించి తీసుకుపోయింది కైకేయి అని వాల్మీకి చెబుతాడు. మనవాళ్ళు చెప్పుకునే కథలో మాత్రం ఆవిడ చక్రం శీల వూడితే వేలు పెట్టి నిలబెట్టింది. చూశారా, చక్రంలో వేలు పెట్టడానికి ఒప్పుకున్నాం గాని చేతికి పగ్గాలివ్వడానికి మనసొప్పలేదు! 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ మొగుడికి చెప్పకుండా, ఆయన చేసిన కారులో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని వంద కిలోమీటర్ల పైన నడుపుకుపోయింది. దారిలో బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. మొదటి దూర ప్రయాణంలో ఆవిడ బాగుచేయించింది బ్రేకుని, గమనించండి.

ఇదంతా విని మా అక్క, "అయితె ఏమంటవ్? పోనియ్యాల్నా?" అంది. ఇప్పుడు రెండోసారి పోతానంటోంది. తడి నేల మీద నడపడం నేర్పుతారట.

పోనివ్వమన్నాను. ఒక షరతు మాత్రం పెట్టాను. అక్కడ రోజంతా నూటముప్ఫైకి అలవాటు పడ్డ కంటికి బయట ఎనభై నత్తనడకలా కనిపిస్తుంది. గురువులు కూడా అదే హెచ్చరిస్తారట. కాబట్టి వచ్చిన వారం దాకా రాత్రిపూట పెద్దరోడ్డు మీద కారు తీయకూడదు, తండ్రిని ఎక్కించుకోకూడదు. ఆసుపత్రి పని పడితే బస్సో, అద్దె కారో.

పిల్ల ఒప్పుకుంది. అక్కే ఇంకా ఏమీ అనలేదు.