వేతనము లేని శిక్షణ

కాయకము, దాసోహము శరణులకు జంటపదములు. శ్రమించి ఆర్జించుట మొదటిది. ఆర్జించినదానిని వినయముతో సమర్పించుట రెండవది. అమెరికా విశ్వవిద్యాలయములలో ట్రయథ్లాన్ క్లబ్బులకు వేతనము లేక తర్ఫీదునిచ్చు శిక్షకులున్నారు. వారి శ్రమ ఏ కోవకు చెందును?

1974లో శాన్‌డియాగోలో ఆరంభమైన ఈ క్రీడ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు చేరినది. అందు 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు వెంటవెంటనే సాగవలెను. జీవనోపాధి వేరొకచోట ఉన్నవాడు తెల్లవారకముందే వచ్చి నేర్పుట దాసోహమే.

చిక్కెల్ల ఆ తరువాతనే. “ఊరకే చేయుచున్నాను గదా” అను తలంపు మెల్లగా చొరబడును. ఆలస్యమైనను అడుగువారుండరు. సరస్సులో ఈదు పిల్లలను లెక్కించుట ఒకనాడు మరచినచో? మునుగుచున్న విద్యార్థికి శిక్షకుడు జీతగాడో, దాతయో, భేదమేమి?

ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినపుడు, లక్కమ్మ వానిని తిరిగి పోసి రమ్మన్నది. దాసోహమును ఆమె మానలేదు. అందులో ఆశను మాత్రము కలియనీయలేదు. ఈ శిక్షకుని జోలెలో ఎక్కువగా పడునది బియ్యము కాదు, “నేనిచ్చుచున్నాను” అను అహము. దానిని పోసి వచ్చుట బహుశః బియ్యముకన్న కష్టము. ఉద్యోగమునకు వేళ మించుచున్నను, ఒడ్డు చేరిన తలలను మరల ఒకసారి లెక్కించి గాని అతడు కదలరాదు.