ఒక సంఘము – రెండు రక్షణ సిద్ధాంతములు

ఒకే గ్రంథమును ప్రమాణముగ గైకొని, ఒకే మందిరమున మోకరించువారు, రక్షణ యెవరికి లభించునను మూలవిషయముననే పరస్పరవిరుద్ధముగ విశ్వసించినచో, ఆ సంఘము ఒక్కటిగ నిలువగలదా? నిలిచినను, అది ధర్మమా, కేవలము లౌక్యమా? ప్రొటెస్టెంటు శాఖలలో నొకటియగు బాప్టిస్టుల చరిత్రమును బట్టి ఈ ప్రశ్నను విచారింప దలచితిమి. ఈ వివాదము వారిలో దాదాపు నాలుగు శతాబ్దములుగ నడచుచున్నది గావున మనకు ఊహలకు బదులు సాక్ష్యము దొరకును.

ఇంగ్లండు విడిచి ఆమ్‌స్టర్‌డాము చేరిన జాన్ స్మిత్, థామస్ హెల్విస్ అనువారు 1609లో తొలి బాప్టిస్టు సంఘమును స్థాపించిరి. వీరి పరంపరవారు జనరల్ బాప్టిస్టులు. క్రీస్తు సర్వమానవులకొరకును మరణించెననియు, ఆ కృపను గైకొనుటయో త్రోసివేయుటయో మానవుని వశమనియు వీరి మతము. 1630-40 నడుమ లండనులో తలయెత్తిన పర్టిక్యులర్ బాప్టిస్టులు కాల్వినును అనుసరించిరి. ఈశ్వరుడు అనాదియందే కొందరిని ఏర్పరచుకొనెననియు, క్రీస్తు ప్రాయశ్చిత్తము వారికొరకే యనియు వీరి మతము. శ్రీవైష్ణవులలో వడగల తెంగల భేదము నెరిగిన చదువరులకు ఇట్టి చర్చ క్రొత్త గాదు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును.

ఇరుపక్షములవారును ధర్మభయము చేతనే వాదించుచున్నారని మొదట గ్రహింపవలెను. కొందరినే ఏర్పరచి తక్కినవారిని విడిచినచో ఈశ్వరుని న్యాయమునకు కళంకము గాదా యని ఒకరి భయము. రక్షణము మానవుని నిర్ణయముపై నాధారపడినచో ఈశ్వరుని మహిమను మానవుడు అపహరించినట్లు గాదా యని రెండవవారి భయము. ఈ భేదము పండితుల పుస్తకములతో ముగియునది గాదు. మరణశయ్యపై నున్నవాడు బోధకుని చేయి పట్టుకొని, “క్రీస్తు నాకొరకు మరణించెనా?” యని యడిగినచో, ఒకడు నిస్సందేహముగ ఔననును, రెండవవాడు తన సిద్ధాంతమును దాటకుండ ఏమి చెప్పవలెనో యోచింపవలసి వచ్చును.

ఈ చిక్కు వలననే పదునెనిమిదవ శతాబ్దమున కొందరు పర్టిక్యులర్ బోధకులు, మారుమనస్సు పొందనివారిని విశ్వసింపుడని పిలుచుటయే తగదనిరి. కెట్టరింగు పట్టణపు బోధకుడగు ఆండ్రూ ఫుల్లరు కాల్విను సిద్ధాంతమును విడువకయే, 1785లో ప్రకటించిన గ్రంథమున, సువార్తను విశ్వసించుట సర్వుల విధియనియు, సర్వులను పిలుచుట బోధకుని విధియనియు వాదించెను. ఏర్పాటు ఈశ్వరుని రహస్యము. పిలుపు మన కర్తవ్యము. సిద్ధాంతభేదము మిగిలినను, చేయవలసిన పని ఇరువురికిని ఒకటయ్యెను.

దాని ఫలము మన దేశమునకును వచ్చినది. 1792లో కెట్టరింగున పుట్టిన పర్టిక్యులర్ల మిషనరీ సంఘము విలియం కేరీని పంపెను. 1814లో తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనను శ్రీరామపురమున ముద్రించినది వీరే. జనరల్ బాప్టిస్టులు 1822లో కటకమున పని ప్రారంభించినప్పుడు శ్రీరామపురపు ఓఢ్ర గ్రంథములనే చేతబట్టిరి. స్వదేశమున మాత్రము ఐక్యము మెల్లగ వచ్చెను. 1813 నాటి బాప్టిస్టు యూనియను నిబంధనలు కాల్వినుమతానుసారములు. 1832లో వానికి మారుగ, సాధారణముగ ఎవాంజలికల్ అని పిలువబడు విశ్వాసములు చాలునని విశాలపరచిరి. 1891లో జనరల్ బాప్టిస్టుల న్యూ కనెక్షను శాఖయు పర్టిక్యులర్లును ఏకమైరి. ఫుల్లరు మార్గమును అంగీకరింపని స్ట్రిక్టు బాప్టిస్టులు మాత్రము వేరుగనే యుండిరి.

ఇచ్చట న్యాయవాదవృత్తిలోనున్న మాకొక సంశయము కలుగును. రాజీపత్రమున ఇరుపక్షములును తమతమ యర్థము చెప్పుకొనదగిన మాటను వ్రాసి సంతకములు చేయుదురు. నాడు సంతోషము, బిడ్డల కాలమున దావా. అట్టి పెక్కు పత్రములను మేము చూచితిమి. మతసంఘముల విశాలవాక్యములును అట్టివే గావా? కొన్ని యట్టివే. అయితే అర్థమును దాచుటకు వ్రాసిన మాట వేరు, “ఈ విషయమున మనలో భేదము గలదు, దీనిని సభ్యత్వమునకు పరీక్షగ పెట్టము” అని తెలియజెప్పి వ్రాసిన మాట వేరు. మొదటిది కపటము, రెండవది సత్యము.

అమెరికాలో 1845లో స్థాపితమైన సదరన్ బాప్టిస్టు కన్వెన్షనునందు ఈ కలహము ఇటీవల మరల రేగినది. 2012లో కాల్వినుమతము నెదిరించువారు ఒక ప్రకటన గావించిరి. ఉభయపక్షములవారును గూడిన యొక సలహాసంఘము 2013లో నివేదిక నొసగెను. కలిసి పనిచేయుడని చెప్పుటతో ఆ నివేదిక విడువలేదు. బోధకపదవి కోరువాడు తన మతమును, పిలుచు సంఘము తన మతమును ముందే దాపరికము లేక తెలుపవలెననెను. ఇదియే కీలకమని మా యభిప్రాయము. ఏలయన, అనేక సంఘములను చీల్చునది భిన్నమతము గాదు. దానిని దాచి పీఠమెక్కి, పిదప బయలుపెట్టుట.

కావున మా నిర్ణయమిది. విరుద్ధసిద్ధాంతములు ఒక సంఘమున నుండవచ్చును. కాని రెండు షరతులు గలవు. వాకిట నిలిచిన యే మానవునైనను ఇరువురును పిలువగలుగవలెను. ఎవడును మౌనమును సభ్యత్వమునకు వెలగ చెల్లింపరాదు. ఎదుటివాని బోధ ఈశ్వరదూషణమేయని అంతరాత్మ పలికినచో, పైకి కలిసి ప్రార్థించుటకంటె స్నేహముతో విభాగము చేసికొనుటయే మేలు. వేరుకాపురమున్న యన్నదమ్ములు పండుగనాడు కలిసికొందురు. ఒకే యింట నుండి మాటలాడనివారికి పండుగయు లేదు. చదువరులు తాము చేరియున్న సంఘమున తమ మౌనము సహనమో, భయమో, ముందుగ తమ్ము తామే ప్రశ్నించుకొందురు గాక.