రీటేక్ లేని చెట్టు

రహమత్ నగర్ గల్లీల్లో మేడ మీద నాలుగు కుండీలకు చోటుంటే అదే తోట. జూబ్లీహిల్స్ గుట్ట ఎక్కితే లెక్క వేరు. గృహప్రవేశం నాటికి నర్సరీ లారీలో నిలువెత్తు పామ్ చెట్లు దిగుతాయి, క్రేన్ వాటిని గుంతల్లో నిలబెడుతుంది. తాటి కుటుంబానివి పీచు వేళ్లు కనుక, జాగ్రత్తగా తవ్వి తెస్తే పెద్ద చెట్టు కూడా చాలాసార్లు నిలదొక్కుకుంటుంది.

అలాంటి చోట ఎవరికైనా చిలీ దేశపు జుబేయా పామ్ మీద మనసు పడితే? గింజ మొలవడానికే నెలలు, ఒక్కోసారి ఏడాది. పూత దశాబ్దాల మాట. లండన్ క్యూ ఉద్యానంలో 1846 నాటి గింజ నుంచి పెరిగిన జుబేయా అద్దాల మేడ కప్పును అందుకునేసరికి ఇరవయ్యొకటో శతాబ్దం వచ్చేసింది. పైగా దాని సొంతగడ్డ మీద వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా ఉంటుంది. హైదరాబాద్‌లో వానలు ఉక్కతో కలిసి దిగుతాయి. నీరు నిలవని గరుసు మట్టి ఒక్కటే ఇక్కడ దానికి చుట్టం. నాటినవాళ్లు పూత చూస్తారన్న ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

అయినా ఆ చెట్టు ఆలోచనలో పడేస్తుంది. మర్రి, వేప ఏటేటా కాండం చుట్టూ కొత్త పొర వేసుకుంటూ లావెక్కుతాయి. పామ్‌లకు ఆ ఏర్పాటు లేదు. ముందు నేలమట్టంలోనే కావలసినంత లావు కూడగట్టుకుని, ఆ తర్వాతే పైకి లేస్తాయి. కరువులో సన్నబడిన చోటు తర్వాత ఎన్ని వానలు పడినా పూడదు. మొవ్వు ఒక్కటే, అది పోతే ఒంటికాండం చెట్టు పోయినట్టే. ఫిల్మ్‌నగర్ పక్కనే పెరిగినా దానికి రీటేక్ ఉండదు.

1834లో చిలీ వెళ్లిన డార్విన్‌కు ఈ చెట్టు అందంగా తోచలేదు. పాకం కోసం జనం దాన్ని నరికి, తల కోసి, నెలల తరబడి రసం పట్టుకోవడం మాత్రం వివరంగా రాసుకున్నాడు. మన గీత కార్మికుడు మోకుతో తాడెక్కి గెల చివర గీసి కల్లు దించుతాడు. చెట్టు మరుసటి ఏడూ ఇస్తుంది. రెండు తీపి రసాలే, రెండు వేర్వేరు ఓపికలు.

అంత దూరపు గింజకు ఆరాటపడే బంగళా తోటల్లో తాటిచెట్టు కనిపించడం అరుదు. అదీ తీరిగ్గా ఎదిగేదే; కల్లుకు రావడానికి పన్నెండేళ్లు పైనే పడుతుంది. పల్లెల్లో ఇప్పటికీ తాటి టెంకలు పాతిపెడతారు గానీ, ఎక్కువగా తేగల కోసమే. కొన్ని నెలలకే తవ్వి తీసి, కాల్చుకునో ఉడకబెట్టుకునో తినేస్తారు.