వడ్రంగిపిట్ట వాటా



అమెరికాలో కాపురముంటున్న మన విచారణ బిడ్డ ఒకామె సెలవులకు వచ్చినప్పుడు, ఆదివారం పూజ ముగిశాక తల్లితో కలిసి వచ్చి నాకు కొన్ని ఫోటోలు చూపించింది. పెరట్లో ఒక కొయ్యకు చిన్న తీగ పంజరం వేలాడుతోంది. అందులో పశువు కొవ్వు ముద్ద. దానిని పట్టుకుని నలుపు తెలుపు మచ్చల వడ్రంగిపిట్ట ఒకటి, గుప్పెడంత ఉంటుంది. మగది కాబట్టి తల వెనుక ఎర్రని మచ్చ ఉంది. దానిని అక్కడ డౌనీ వడ్రంగిపిట్ట అంటారట.

తల్లికి ఇది నచ్చలేదు. "చూడండి ఫాదరుగారూ, మనుషులే తిండిలేక అల్లాడుతుంటే ఇది పిట్టలకు కొవ్వు కొని పెడుతోంది. ఇది పుణ్యమా, పాపమా మీరే చెప్పండి" అన్నది.

ఆ తల్లి అడిగినది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2418వ అంశంలో దీనిని రెండు వైపుల నుండి చూస్తుంది. జంతువులను అనవసరంగా బాధపెట్టడం మానవ గౌరవానికి తగదు. మనుషుల కష్టం తీర్చడానికి ముందుగా చేరవలసిన డబ్బును జంతువులపై వెచ్చించడమూ తగదు. కాబట్టి ఆకలితో ఉన్న పొరుగువానిని దాటిపోయి పిట్టకు మేత పెట్టేవాడు దయగలవాడు కాడు. అయితే పొరుగువానికి చేయవలసినది చేసి, ఒక కొవ్వు ముద్దను పిట్టకు పెట్టేవాడు ఏ తప్పూ చేయడంలేదు.

ఆ బిడ్డ చేస్తున్న పనిలో వివేకం కూడా ఉంది. చలికాలంలో అక్కడ పురుగులు బెరడు లోపల దాగి ఉంటాయి. చలిని తట్టుకోవడానికి పిట్టకు బలమైన ఆహారం కావాలి, కొవ్వు ఆ బలాన్నిస్తుంది. ఎండాకాలంలో అదే కొవ్వు కరిగి ఈకలకు అంటుకుంటుందని ఆమె పంజరం తీసివేస్తుందట. ప్రేమించడమంటే ఎదుటివారి మేలు కోరడమని పునీత తోమాసు అక్వినాసు వారు నేర్పారు. మనకు తోచినది కాక, వారికి నిజంగా మేలైనది ఏదో తెలుసుకుని చేయాలి.

ఇంతవరకు నేను బిడ్డ పక్షమే. అప్పుడు ఆమె మాటల మధ్య ఒక సంగతి చెప్పింది. "ఇదివరకు అవి వాటంతట అవే వచ్చేవి ఫాదర్. పెరట్లో ఎండిపోయిన ఓక్ చెట్టు ఉండేది. చూడడానికి బాగోలేదని కొట్టించేశాం. అప్పటినుండి రావడం మానేశాయి. అందుకే మేత పెట్టి పిలుస్తున్నాను."

ఆలోచించండి. మనకు ఎండిన మానుగా కనిపించేది వడ్రంగిపిట్టకు వంటిల్లు, పురిటిల్లు కూడా. ఆ బెరడు కింద పురుగులుంటాయి. మెత్తబడిన కొయ్యలో అది గూడు తొలుచుకుంటుంది. అది వదలి వెళ్ళిన తొర్రలో ఇతర పక్షులు, ఉడుతలు తలదాచుకుంటాయి. ఆకాశపక్షులను పరలోకపు తండ్రి పోషిస్తున్నాడని మత్తయి సువిశేషంలో ప్రభువు చెప్పారు. ఈ పిట్టను ఆయన పోషించేది ఎండిన చెట్టుతోనే. మనం ఆ చెట్టును తీసివేసి, దాని స్థానంలో ఒక పంజరం వేలాడగట్టి, పోషించేది మేమే అనుకుంటున్నాము.

అదే అమెరికాలో దంతపు ముక్కు వడ్రంగిపిట్ట అనే పెద్ద పక్షి ఉండేది. కొత్తగా ఎండిన పెద్ద చెట్ల బెరడు కింది పురుగులే దానికి ముఖ్యమైన ఆహారం. పాత అడవులను కలప కోసం నరికివేయడంతో అది తరిగిపోయింది. లూసియానా రాష్ట్రంలో 1944లో కనిపించినదే అందరూ ఒప్పుకున్న చివరి ఆనవాలు. ఆ తరువాత చూశామన్నవారు ఉన్నారు గాని, అందరినీ ఒప్పించిన రుజువు దొరకలేదు. అంత అడవి పోయాక ఎన్ని పెరళ్ళలో ఎంత కొవ్వు వేలాడగడితే సరిపోతుంది?

లేవీయకాండం 19వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఒక కట్టడ ఇచ్చాడు. పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయరాదు, పరిగె ఏరుకోరాదు. అది పేదవానికి, పరదేశికి వదలాలి. అంతా కోసి ఇంటికి తెచ్చుకుని, తరువాత గుమ్మంలో నిలబడి పిడికెడు పెట్టమని ఆయన అనలేదు. వదలిపెట్టమన్నాడు. పొలం ఆయనది గనుక ఆ అంచు మన సొత్తు కాదు. రూతు బోవజు పొలంలో పరిగె ఏరుకున్నది ఈ కట్టడను బట్టే గదా! రెండవ వాటికన్ మహాసభ కూడా 1965లో గృహస్థుల ప్రేషిత సేవను గురించిన పత్రంలో, న్యాయంగా చెల్లించవలసినదాన్ని దానంగా ఇవ్వకూడదని హెచ్చరించింది.

పిట్టకు మనిషితో సమానమైన హక్కులున్నాయని నేను అనడంలేదు. కాని పిట్ట విషయంలో మనకున్న అలవాటే మనుషుల విషయంలోనూ ఉంటుంది. పనిమనిషికి నెల జీతం ఆలస్యం చేసి, క్రిస్మసుకు చీర పెట్టి ఫోటో తీయించుకునే ఇళ్ళు మన విచారణల్లో లేవా? చెల్లెలి వాటా కలుపుకుని, ఆమె పిల్లలకు పుస్తకాలు కొనిచ్చి మేనమామ ప్రేమ అనిపించుకునేవారు లేరా? ఇవ్వడంలో మనకు పేరు వస్తుంది, తృప్తి ఉంటుంది. వదలిపెట్టడంలో ఏ పేరూ రాదు. అందుకే అది కష్టం.

ఈ మాటలు నాకూ వర్తిస్తాయి. గుడి ఆవరణలో ఎండిన వేపచెట్టును పండుగకు ముందు శుభ్రంగా ఉండాలని కొట్టించినవాణ్ణి నేనే. మాను నేలకొరిగాక గాని దానిలోని తొర్ర నా కంటపడలేదు. మన కొబ్బరి, మామిడి తోటల్లో బంగారు వీపుతో, ఎర్రని జుట్టుతో తిరిగే వడ్రంగిపిట్ట ఆ వేపమీద చీమలు ఏరుకోవడం అంతకుముందు చాలాసార్లు చూశాను. చూసి ఆనందించాను కూడా. అయినా చెట్టు కొట్టించేటప్పుడు అది గుర్తుకు రాలేదు.

ఆ తల్లీకూతుళ్ళకు చెప్పినదే మీకూ చెబుతున్నాను. పంజరం తీయనక్కరలేదు, శుభ్రంగా ఉంచండి. మరో చెట్టు ఎండితే, ఇంటిమీదో దారిమీదో పడే ప్రమాదముంటే తప్పక కొట్టించండి. వీలైతే నిలువెత్తు మానైనా వదలండి. ప్రమాదం లేకపోతే అంతా వదలండి. ఇక ఈ ఆదివారం పూజకు వచ్చేముందు, మనం అంచుల దాకా కోసుకున్న పొలం ఏదైనా ఉందేమో ప్రతి ఇంటివారూ ఒకసారి చూసుకోండి. ఉంటే, కానుక పళ్ళెంలో వేసేముందు, ఆ వాటా ఎవరిదో వారికి ముట్టజెప్పి రండి.

ప్రభువు మీ కుటుంబాలను దీవించుగాక.