నార్మా జీన్ అను బిడ్డ

ధ్యాన భాగము: మత్తయి 22:15-22



పన్ను సంగతి అడిగి ప్రభువును చిక్కులో పెట్టజూచిన వారిని ఆయన ఒక నాణెము తెమ్మనెను. దానిమీద ఎవరి ముఖమున్నదో వారి నోటనే చెప్పించెను. ముఖము కైసరుది, గనుక నాణెము కైసరునికి చెల్లును. మరి ఆ నాణెమును పట్టుకొన్న మనిషిమీద ఎవరి పోలిక యున్నది? ఈ ప్రశ్నను మనస్సులో నుంచుకొని, అమెరికా సినిమా తార మారిలిన్ మన్రో జీవితమును ఈ నెల ధ్యానింతము. సంఘ పత్రికలో సినిమా తార యేమిటని పెద్దలు కొందరు ముఖము చిట్లింతురేమో. కడవరకు చదువుడని మనవి.

ఆమె 1926 జూన్ 1న లాస్ ఏంజెల్సు నగరములో పుట్టెను. పెట్టిన పేరు నార్మా జీన్. తండ్రి అండ లేదు. తల్లి గ్లాడిస్ సినిమా ఫిల్ములు కత్తిరించు పనిచేసి బ్రదుకుచుండెను. పుట్టిన కొద్ది దినములకే బిడ్డను హాథోర్న్ అను ఊరిలో భక్తిగల ఒక కుటుంబమునకు పెంపకమునకిచ్చిరి. ఆ యేడే బాప్తిస్మమిచ్చిరి. కాబట్టి ఈ బిడ్డ మొదట సంఘపు ఒడిలోనే పెరిగినది. ఏడేండ్ల ప్రాయమున తల్లి తనయొద్దకు తీసికొనిపోయెను గాని, 1934లో ఆమెకు మతి చెడి ఆసుపత్రి పాలాయెను. 1935లో బిడ్డ అనాథ శరణాలయము చేరెను. తల్లి బ్రదికి యుండగనే అనాథ! తరువాత ఈ యింట కొన్నాళ్లు, ఆ యింట కొన్నాళ్లు. 1942లో సంరక్షకురాలి కుటుంబము వేరొక రాష్ట్రమునకు పోవలసి వచ్చెను. పిల్లను వెంట తీసికొనిపోవుటకు చట్టము ఒప్పలేదు. తిరిగి శరణాలయమునకు పంపలేక, 16 ఏండ్లు నిండగానే పొరుగింటి యువకునికిచ్చి పెండ్లి చేసిరి. బరువు దించుకొను ఇట్టి పెండ్లిండ్లు మనము ఎరుగనివి కావు.

యుద్ధకాలమందు కర్మాగారములో పనిచేయుచున్న ఆమెను 1944లో సైన్యపు ఫోటోగ్రాఫరొకడు ఫోటో తీసెను. 1946లో సినిమా కంపెనీ ఆమె పేరు మార్చెను. 1953 నాటికి లోకమంతయు ఆమె ముఖమెరుగును. మూడు పెండ్లిండ్లును నిలువలేదు. బిడ్డను కోరెను, కడుపు నిలువలేదు. 1962 ఆగస్టు 4 రాత్రి, 36 ఏండ్ల వయస్సున, తన యింట ఒంటరిగా చనిపోయెను. నిద్రమందులు మితిమీరెననియు, బహుశః ఆత్మహత్యయనియు అధికారులు వ్రాసిరి.

మనిషి పోయెను, ముఖము మిగిలెను. ఆ యేడే యాండీ వార్‌హోల్ అను చిత్రకారుడు "నయాగరా" సినిమాకై తీసిన ఆమె ఫోటోను 50 మారులు అచ్చువేసి ఒక పటము చేసెను. ఎడమ సగము రంగులతో మెరయును. కుడి సగము నలుపు, పోనుపోను వెలిసిపోవును. అదే ఫోటోనుండి అతడు 1964లో చేసిన మరియొక పటము 2022లో న్యూయార్కు వేలములో 19 కోట్ల 50 లక్షల డాలర్లు పలికెను. ఆ సొమ్ము బిడ్డల వైద్యమునకు, చదువునకు పాటుపడు ధర్మసంస్థకు చేరెను గనుక మేము తప్పుపట్టము. అయితే 1949లో, చేత కాసులేక, ఒక క్యాలెండరు ఫోటోకు వివస్త్రగా నిలిచినందుకు ఆమె చేతికి వచ్చినది 50 డాలర్లు.

ఆమె చావును పాపఫలమని ఒక్కమాటతో కొట్టివేయు బోధకులున్నారు. మేమట్లు చెప్పలేము. ఎన్ని యిండ్ల తలుపులు తెరచి మరల మూసిరో లెక్కించిన పిమ్మట ఆ మాట నోట రాదు. తల్లిలేని పిల్ల మన సంఘములోనే, బోర్డింగు సెలవులకు ఎవరి యింటికి పోవలెనో తెలియక నిలిచియున్నప్పుడు మనమేమి చేయుచున్నాము?

దేవుని పోలిక ఆమెలో ఎక్కడ కనబడెనని అడుగుదురా? ఆమె వ్రాసిన వీలునామాలో చూడుడు. తన్ను పెంచలేకపోయిన తల్లి పోషణకు ఏటా 5,000 డాలర్లు చెల్లునట్లు ఒక లక్ష డాలర్ల నిధి ఏర్పరచెను. ఆ తల్లి కూతురు పోయిన తరువాత మరి 21 ఏండ్లు దాటి, 1984 వరకు బ్రదికెను.